రోహిణి కార్తెలో నారుమడి: ఎండను ఆపవలసిన చోటు, వాడుకోవలసిన చోటు

యాసంగి వరి కోతలు ముగిసి, నాగార్జునసాగర్ ఎడమ కాలువలో నీరు నిలిచిపోయిన తరువాత, మృగశిర కార్తెలో తొలకరి పడేవరకు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల పొలాల్లో పని చాలావరకు ఆగిపోతుంది. కాని మిరప, టమాటా, వంగ వేయదలచిన రైతుకు వానకాలం పంట బాగోగులు చాలావరకు తేలిపోయేది ఈ విరామంలోనే. ఉద్యాన కళాశాలల ఆవరణల్లో పాలీహౌస్ (ప్లాస్టిక్ పొర కప్పిన హరితగృహం), నీడ వల, తోట పనులు విద్యార్థుల చేత చేయించే తీరును గమనిస్తే ఈ మాట మరింత స్పష్టమవుతుంది. సిద్దిపేట జిల్లా ములుగు కేంద్రంగా 2014లో ఏర్పడిన కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ళ బీఎస్సీ హార్టికల్చర్ చదివే వారికి చివరి సంవత్సరంలో చేతిపనికి, గ్రామాల్లో రైతుల వెంట ఉండి నేర్చుకోవడానికి పెద్దపీట వేశారు. ఆ ఆవరణల్లో నేర్పే పనుల్లో అధికభాగం ఒకటి రెండు గుంటల నేలలో ఏ రైతైనా చేసుకోగలిగినవే. సందేహం వచ్చినప్పుడు త్రిపురారం మండలంలోని కంపాసాగర్, గరిడేపల్లి మండలంలోని గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రాలు ఈ మూడు పట్టణాలకూ అందుబాటులోనే ఉన్నాయి.

హరితగృహం, అంటే పారదర్శకమైన పైకప్పు కింద వాతావరణాన్ని కొంత అదుపులో ఉంచి మొక్కలు పెంచే నిర్మాణం, చలిదేశాల్లో వెచ్చదనం కోసం పుట్టింది. సూర్యకాంతి ప్లాస్టిక్ పొర గుండా లోపలికి వచ్చి నేలను, మొక్కలను వేడెక్కించగా, ఆ వేడి వచ్చిన దారిన తేలికగా బయటికి పోలేక లోపలే నిలిచిపోతుంది. నెదర్లాండ్స్ రైతుకు వరమైన ఈ గుణమే, మే నెలలో పగటి ఉష్ణోగ్రత 44 డిగ్రీలు దాటే సూర్యాపేటలో శాపమవుతుంది; ఫ్యాన్లు లేక గాలి వాటం మీదనే ఆధారపడే పాలీహౌస్‌లో బయటికన్నా ఎక్కువ వేడి ఉంటుంది, అంత వేడిలో టమాటా, క్యాప్సికమ్ పుప్పొడి చెడి పూత రాలిపోతుంది. కాబట్టి ఈ ప్రాంతంలో మే నెలలో పాలీహౌస్‌లో కాయగూర పంట నిలపాలని పట్టుబట్టడం నీటికీ డబ్బుకూ చేటు. ఆ కాలంలో పంటను ఖాళీ చేసి, మొక్కల మోళ్ళు, వేర్లు ఏరివేసి, నేలను శుద్ధి చేసుకోవడమే మేలు.

ఆ శుద్ధికి ఎండనే సాధనం చేసుకునే పద్ధతిని సౌరీకరణం అంటారు. ఇజ్రాయెల్‌లో యాకోవ్ కటాన్, ఆయన సహచరులు 1976లో దీనిని శాస్త్రీయంగా వెల్లడించారు. నేలను మెత్తగా దున్ని, పెడ్డలు చితికేలా చదును చేసి, బాగా తడిపి, 25 నుంచి 50 మైక్రాన్ల మందం గల పారదర్శక పాలిథీన్ పరచి, అంచులు గాలి దూరకుండా మట్టిలో కప్పి, నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచాలి. తడి నేల వేడిని లోతుకు చేరవేస్తుంది, తడిలో మేల్కొన్న శిలీంద్రాలు, కలుపు గింజలు ఆ వేడికి లొంగిపోతాయి. అందుకే పొడి నేల మీద షీటు పరిస్తే ఫలితం సగం కూడా రాదు. నల్లషీటు వాడడం తరచుగా జరిగే మరో పొరపాటు: అది తాను వేడెక్కుతుందే గాని కిందికి వెలుతురును పోనివ్వదు, దానితో నేల తగినంత కాగదు. తుంగ గడ్డలు మాత్రం ఈ పద్ధతికి పూర్తిగా లొంగవు కనుక వాటిని ముందే తవ్వి తీయాలి. షీటు తీసిన తరువాత లోతుగా దున్నితే అడుగున బతికి ఉన్న తెగులు బీజాలు పైకి వస్తాయి. పైపైన గీరి, 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో ఒకటి రెండు కిలోల ట్రైకోడెర్మా, అంటే తెగులు కలిగించే శిలీంద్రాలను అణచే మేలురకం శిలీంద్రం, కలిపి నీడలో వారం పది రోజులు తడిగా మాగనిచ్చి చల్లితే సరిపోతుంది.

నారుకు కావలసింది దీనికి భిన్నంగా నీడ. సగం వెలుతురును ఆపే 50 శాతం నీడ వల కింద, 98 గుంతల ప్రోట్రేలలో కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు నింపి విత్తడం ఇప్పుడు విస్తృతంగా ఉన్న పద్ధతి. పొట్టును గుప్పిట్లోకి తీసుకుని గట్టిగా పిండితే వేళ్ళ సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనబడాలి. ధారగా కారితే విత్తనం కుళ్ళుతుంది, పిడికిలి విప్పగానే రాలిపోతే మొలక ఎండిపోతుంది. గుంతకొక విత్తనం చొప్పున అర సెంటీమీటరు లోతున వేసి, ట్రేలను ఒకదానిపై ఒకటి పేర్చి కప్పి ఉంచుతారు. అయితే రోహిణి కార్తెలో ఆ దొంతరను నల్ల ప్లాస్టిక్‌తో ఎండలో కప్పితే మొలక లోపలే ఉడికిపోతుంది, నీడలో తడి గోనెపట్టా కప్పడమే క్షేమం. మొలక తొంగిచూసిన రోజే ట్రేలను విడదీయాలి. మిరప విత్తనాన్ని, గింజతో వచ్చే వైరస్ తెగుళ్ళ నివారణకు, కిలోకు లీటరు నీటిలో 150 గ్రాముల ట్రైసోడియం ఆర్థోఫాస్ఫేట్ కరిగించి అందులో 20 నిమిషాలు నానబెట్టి, మంచినీటితో కడిగి ఆరబెట్టిన తరువాతే విత్తుకోవాలి.

నీరు పోసే వేళ విషయంలో ఏమాత్రం అశ్రద్ధ పనికిరాదు. మధ్యాహ్నం నల్లట్యాంకులో, ఎండలో పరచిన గొట్టాల్లో నిలిచిన నీరు చేయి పెట్టలేనంత కాగి ఉంటుంది, ఆ నీరు నేరుగా పోస్తే లేతవేరు మాడిపోతుంది. ముందుగా గొట్టంలోని వేడినీటిని బయటికి వదిలి, చల్లని నీరు రావడం మొదలైన తరువాతే నారు మీదికి తిప్పాలి. తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం అవసరాన్ని బట్టి మరోసారి పలుచగా తడపడం మంచిది. రాత్రంతా ఆకు తడిగా ఉంటే మొక్క మొదలు మెత్తబడి ఒరిగిపోయే నారుకుళ్ళు వస్తుంది. కనబడిన వెంటనే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడిసేలా పోయాలి. టమాటా నారు 21 నుంచి 25 రోజులకు, మిరప 35 నుంచి 45 రోజులకు సిద్ధమవుతుంది. నాటడానికి వారం ముందు నుంచి నీరు తగ్గిస్తూ, వలను రోజూ కొద్దికొద్దిగా పక్కకు జరుపుతూ నారును గట్టిపరచాలి. ఇక మనుషుల సంగతి: ఈ ఎండల్లో కూలీలైనా విద్యార్థులైనా పాలీహౌస్‌లో ఉదయం పది దాటాక పని చేయకూడదు.

నారుమడితో పాటు పండ్ల తోటకూ ఈ విరామం పనికివస్తుంది. బత్తాయి తోట కొత్తగా పెట్టదలచినవారు మీటరు పొడవు, వెడల్పు, లోతుతో గుంతలు ఇప్పుడే తీసి, పైమట్టిని ఒక పక్క, అడుగుమట్టిని మరో పక్క పోసి ఎండనివ్వాలి; రంగపూర్ నిమ్మ వేరుమూలంపై కట్టిన అంటు మొక్కలను ఎన్నుకుని, వానలు పడ్డాక నాటేటప్పుడు అంటు అతుకు మట్టిలో కూరుకుపోకుండా చూడాలి. కాపు తోటల్లోనైతే, మిర్యాలగూడ చుట్టుపక్కల కోతల తరువాత కాల్చివేస్తున్న వరిగడ్డిని పాదుల్లో మూడు నాలుగు అంగుళాల మందాన పరిస్తే నేల తడి ఆరకుండా నిలుస్తుంది; చెదలు పట్టకుండా కాండం చుట్టూ జానెడు మేర మాత్రం ఖాళీగా వదలాలి.