తీపి గురుతులు

పాఠ్యభాగ పరిచయం

వంటకం ఒక ప్రాంత జీవన విధానానికి అద్దం పడుతుంది. నేల, నీరు, పంట, పండుగ, పనివారి నైపుణ్యం ఒక్క పిండివంటలో కలిసి కనిపిస్తాయి. గోదావరి డెల్టాలోని పిండివంటల వెనుక ఉన్న చరిత్రను, శ్రమను ఒక రచయిత తన విద్యార్థి దశ జ్ఞాపకాలతో కలిపి చెప్పిన స్మృతి వ్యాసం ఇది. రుచిని ఆస్వాదించేవారు ఆ రుచిని సృష్టించిన చేతులను కూడా గుర్తించాలని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యాంశం

'తింటే గారెలే తినాలి, వింటే భారతమే వినాలి' అన్నది తెలుగువారి సామెత. ఇందులోని రెండవ సగానికి పుట్టినిల్లు రాజమహేంద్రవరం. 11వ శతాబ్దిలో రాజరాజ నరేంద్రుని కోరికపై నన్నయభట్టు మహాభారతాన్ని తెనిగించడానికి పూనుకొన్నది అక్కడే. మొదటి సగం మాత్రం ఏ ఒక్క ఊరి సొత్తూ కాదు. గారె తెలుగునాట ప్రతి ఇంటిదీ. అయినా నా మట్టుకు నాకు ఆ మొదటి సగం కూడా రాజమహేంద్రవరంలోనే, మా వీధి మలుపులోని ఒక అరుగు మీదనే ఉంది.

నేను ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో సాయంకాలం నాలుగు గంటలయ్యేసరికి ఒక వృద్ధురాలు ఆ అరుగు పక్కన పొయ్యి వెలిగించేది. వీధిలో పిల్లలూ పెద్దలూ అందరూ ఆమెను 'మామ్మగారూ' అనే పిలిచేవారు. నానిన మినపప్పును ఆమె రోటిలోనే రుబ్బేది. నీళ్ళు ఎక్కువైతే గారె నూనె పీల్చుకొంటుందని, తక్కువైతే గట్టిపడుతుందని చెప్పేది. రుబ్బిన పిండిని చిటికెడు తీసి నీళ్ళలో వేసి చూసేది. అది తేలితే పిండి సిద్ధమైనట్టు. రుబ్బుతున్నప్పుడు పిండిలో చేరిన గాలే గారెను గుల్లగా చేస్తుంది. తడిచేసిన అరటాకు మీద నిమ్మకాయంత ముద్దను ఉంచి, వేళ్ళతో అద్ది, నడుమ చూపుడు వేలితో చిల్లు పెట్టి, వేడినూనెలోకి జారవిడిచేది. చిల్లు ఎందుకని ఒకనాడు అడిగాను. "అంచు మాడేలోగా నడుమ కూడా ఉడకాలి కదా నాయనా!" అన్నది. భౌతికశాస్త్రం పుస్తకంలో ఉష్ణ ప్రసారం గురించి చదువుకొంటున్న నాకు అంత సూటియైన ఉదాహరణ తరగతి గదిలో దొరకలేదు.

వేగిన గారెలను ఆమె పక్కనే ఉన్న గోరువెచ్చని బెల్లం పాకంలో వేసేది. ఏలకుల పొడి కలిసిన ఆ పాకాన్ని గారె మెల్లగా తాగేది. విస్తరాకు ముక్కలో పెట్టి ఇచ్చిన పాకం గారెను తింటూ ఇల్లు చేరితే చేతివేళ్ళకు రాత్రి వరకూ ఆ పరిమళం ఉండేది.

ఆ సంవత్సరమే మా కళాశాల దారిలో ఒక బేకరీ వెలిసింది. అద్దాల బీరువాలలో క్రీము బన్నులు, దిల్‌పసందులు, పఫ్‌లు, వాటి నడుమ పంచదార అద్దిన డోనట్లు. పొయ్యి నుండి అప్పుడే తీసిన రొట్టె వాసన వీధి చివరి వరకూ వచ్చేది. డోనట్ రుచి నన్ను ఆకట్టుకొన్న మాట నిజం. మెత్తగా, తేలికగా, నోట్లో కరిగిపోయేది. ఆ బేకరీ యజమాని కూడా తెల్లవారుజామున లేచి పిండి పిసికే మనిషే. ఆయన పట్ల నాకు నేటికీ గౌరవమే. తప్పు డోనట్‌ది కాదు, నాది. మిత్రులతో కలిసి బేకరీ నుండి వస్తున్నప్పుడు అరుగు దగ్గర మామ్మగారు పలకరిస్తే వినపడనట్టు తల దించుకొని నడిచేవాణ్ణి. విస్తరాకు ముక్కలో గారె తినడం ఆ వయసులో నాకు నామోషీగా తోచింది.

తరువాతి కాలంలో డోనట్ చరిత్ర చదివినప్పుడు నా సిగ్గు ఎంత అర్థంలేనిదో తెలిసింది. 17వ శతాబ్దిలో డచ్చివారు అమెరికాలోని తమ వలసకు నూనెలో వేయించిన పిండి ఉండలను తీసుకొనిపోయారు. అదే డోనట్‌కు మూలమంటారు. ఆ శతాబ్దిలోనే డచ్చి వర్తకులు మన పాలకొల్లులో వస్త్రవ్యాపారం సాగించారు. డోనట్‌కు 1847లో తానే తొలిసారి చిల్లు పెట్టానని హాన్సన్ గ్రెగరీ అనే అమెరికా నావికుడు చెప్పుకొన్నాడు. నడుమ పచ్చిగా మిగలకూడదన్నదే ఆయన చెప్పిన కారణం. మామ్మగారు చెప్పినదీ అదే. ఇక మినపవడల విషయానికి వస్తే, 12వ శతాబ్దిలో చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు సంస్కృతంలో రచించిన 'మానసోల్లాసం' పాలలో నానబెట్టిన వడలను 'క్షీరవటం' అనే పేరుతో పేర్కొన్నది. వేయించిన వడను తీయని రసంలోనో, పాలలోనో, పెరుగులోనో నానబెట్టడం మనకు అంత పాత అలవాటు.

1847 మన గోదావరి సీమకు కూడా మరపురాని సంవత్సరం. కరవుకాటకాలతో క్షీణించిన ఈ ప్రాంతంలో సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం ఆరంభమైనది ఆ ఏడాదే. 1852లో అది పూర్తయింది. కాలువలు పారిన చోట వరి పండింది, చెరకు పండింది, కొబ్బరితోటలు పెరిగాయి. ఇంట పాడి నిలిచింది. బియ్యం, బెల్లం, నెయ్యి, కొబ్బరి సమృద్ధిగా ఉన్న నేలమీద పిండివంటలు పెరగడంలో వింత ఏమున్నది? 'కనుమనాడు మినుము తినాలి' అనే మాటను పాటించి సంక్రాంతి మూడవనాడు ఈ సీమలో ఇంటింటా గారెలు వండుకొంటారు.

ఈ నేలమీద పుట్టిన మిఠాయిలు తమ వెంట పేర్లను మోసుకొని వెళ్తాయి. కాకినాడ గొట్టం కాజా చిట్టిపెద్ది కోటయ్య పేరుతో 'కోటయ్య కాజా' అయింది. కొరకగానే లోపలి పాకం నోటిని నింపడం దాని ప్రత్యేకత. మండపేట సమీపంలోని తాపేశ్వరంలో పోలిశెట్టి సత్తిరాజు పేరు చెప్పగానే మడత కాజా గుర్తుకు వస్తుంది. పలుచగా ఒత్తిన పిండిని పొరలు పొరలుగా మడిచి, వేయించి, పాకంలో ముంచుతారు. తుని దిక్కున తొండంగి మండలంలోని పెరుమాళ్ళపురానికి పాకం గారెలే పేరు తెచ్చాయి. ఆత్రేయపురం పూతరేకుల సంగతి అందరికీ తెలిసినదే. మంటపై బోర్లించిన కుండ మీద పలుచని బియ్యప్పిండి జావలో తడిపిన గుడ్డను ఒక్కసారి పరచి లాగితే క్షణంలో కాగితం వంటి రేకు లేస్తుంది. పొయ్యి వేడికి ఎదురుగా కూర్చొని ఈ రేకులు తీసేవారిలో అధికులు స్త్రీలు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు కోసం పాటుపడిన తయారీదారుల సంఘం తన పేరులో సర్ ఆర్థర్ కాటన్ పేరును చేర్చుకొన్నది. రేకుకు మూలం బియ్యమనీ, బియ్యానికి మూలం కాలువ నీరనీ వారు మరువలేదు.

భౌగోళిక గుర్తింపు వలన ఒక ఊరి పేరును వేరొక ప్రాంతంవారు వాడుకొనకుండా చట్టం కాపాడుతుంది. అది మేలే. అయితే చట్టం పేరును కాపాడగలదు గాని, చేతిలోని ఒడుపును కాపాడలేదు. రేకు తీసే నేర్పు తల్లి నుండి కూతురికి అందాలి. అలా అందాలంటే ఆ పనికి తగిన కూలి, తగిన గౌరవం రెండూ దక్కాలి. కూలి ఇవ్వవలసినది వ్యాపారి. గౌరవం ఇవ్వవలసినది తినే మనం.

ఈ విషయంలో డోనట్ మనకొక పాఠం చెబుతుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1917లో, సాల్వేషన్ ఆర్మీ స్త్రీలు ఫ్రాన్సు యుద్ధభూమికి వెళ్ళి అమెరికా సైనికులకు డోనట్లు వేయించి పెట్టారు. ఇంటికి దూరమైన ఆ యువకులకు అది ఇంటి రుచి అయింది. ఆ స్త్రీల సేవకు గుర్తుగా 1938లో షికాగోలో డోనట్ దినోత్సవం మొదలైంది. నేటికీ అమెరికాలో జూన్ నెల మొదటి శుక్రవారంనాడు దానిని జరుపుకొంటారు. పిండివంటతోపాటు దానిని వండిన చేతులనూ తలచుకొనే పద్ధతి అది.

నా ఇంటర్మీడియట్ పూర్తయి, పై చదువులకు వెళ్ళి, తొలి సెలవులకు ఇల్లు చేరిన సాయంకాలం ఆ అరుగు ఖాళీగా ఉంది. పొయ్యి రాళ్ళు మూడూ పక్కకు చేర్చి ఉన్నాయి. మామ్మగారు వేసవిలోనే కన్నుమూసిందని అమ్మ చెప్పింది. ఆమె పేరేమిటని అడిగాను. అమ్మకు తెలియదు. పొరుగువారికీ తెలియదు. అన్నేళ్ళపాటు వీధి వీధంతా ఆమె చేతి గారెలు తిన్నది. ఆమె పేరు అడగాలని ఎవరికీ తోచలేదు. పలకరిస్తే తల దించుకొన్న నాకు తోచే అవకాశమే లేదు.

ఆనాటి నుండి నేను ఒక నియమం పెట్టుకొన్నాను. ఎక్కడ ఏ దుకాణంలో ఏది తిన్నా, అది కాజా అయినా, డోనట్ అయినా, వండినవారి పేరు అడిగి తెలుసుకొంటాను. కొందరు ఆశ్చర్యంగా చూస్తారు. కొందరు కొంగుతో చేయి తుడుచుకొని, నవ్వి, పేరు చెబుతారు. ఆ నవ్వు చూసినప్పుడల్లా అరుగు మీది ఆ పాకం గారె రుచి నాకు మళ్ళీ అందుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

తెనిగించు = తెలుగులోకి అనువదించు
సొత్తు = ఆస్తి, సొంతమైనది
అరుగు = ఇంటి ముందు కూర్చోవడానికి కట్టిన తిన్నె
నామోషీ = చిన్నతనం, అవమానం
క్షీణించు = తగ్గిపోవు, నశించు
ఆధ్వర్యం = నాయకత్వం, నిర్వహణ
ఒడుపు = నేర్పు, మెలకువ

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. గోదావరి డెల్టాలో పిండివంటలు వృద్ధి చెందడానికి గల కారణాలను పాఠం ఆధారంగా వివరించండి.
2. మామ్మగారి పట్ల రచయిత ప్రవర్తనలోను, ఆలోచనలోను వచ్చిన మార్పును విశ్లేషించండి.

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. గారెకు, డోనట్‌కు గల పోలికలను తెలపండి.
2. 'చట్టం పేరును కాపాడగలదు గాని, చేతిలోని ఒడుపును కాపాడలేదు' – వివరించండి.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం ఏ సంవత్సరంలో పూర్తయింది?
2. పాలలో నానబెట్టిన వడలను 'మానసోల్లాసం' ఏ పేరుతో పేర్కొన్నది?
3. ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు ఎప్పుడు లభించింది?

ఈ) సంధులు
పుట్టినిల్లు = పుట్టిన + ఇల్లు – అత్వ సంధి
అరటాకు = అరటి + ఆకు – ఇత్వ సంధి
ఏమున్నది = ఏమి + ఉన్నది – ఇత్వ సంధి
మానసోల్లాసం = మానస + ఉల్లాసం – గుణ సంధి

ఉ) సమాసాలు
వేడినూనె – వేడియైన నూనె – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
కరవుకాటకాలు – కరవును, కాటకమును – ద్వంద్వ సమాసం
యుద్ధభూమి – యుద్ధము కొరకు భూమి – చతుర్థీ తత్పురుష సమాసం

ఊ) ప్రాజెక్టు పని
మీ ఊరిలో పేరుపొందిన ఒక తినుబండారాన్ని ఎన్నుకోండి. దానిని తయారుచేసేవారిని కలిసి, వారి అనుమతితో, వారు ఆ పని ఎవరి వద్ద నేర్చుకొన్నారో, తరువాత ఎవరికి నేర్పుతున్నారో తెలుసుకొని ఒక పుట వ్యాసం రాయండి.