నాన్నగారి రికార్డులు కంప్యూటర్‌లోకి

ప్రశ్న: నాన్నగారు పోయాక అటక మీది ట్రంకుపెట్టె దించితే రికార్డులు బయటపడ్డాయి. ఘంటసాల గారి భగవద్గీత ఎల్పీని యూఎస్‌బీ టర్న్‌టేబుల్ మీద కంప్యూటర్‌లోకి ఎక్కించాను. నిశ్శబ్దాన్ని బట్టి ట్రాకులు విడదీయమంటే ఒక్క సైడే ముక్కలు ముక్కలైపోయింది. ఎక్కడ పొరపాటు చేశాను?
– ఒక పాఠకురాలు, సైదాబాద్

జవాబు: పొరపాటు మీది కాదమ్మా. కంప్యూటర్‌కు పాట తెలియదు, శబ్దం తగ్గిన చోటే తెలుసు. సినిమా పాటల ఎల్పీలో పాటకూ పాటకూ మధ్య కొద్ది సెకన్ల ఖాళీ ఉంటుంది. రికార్డును దీపం కింద వాల్చి పట్టుకుంటే అక్కడ నున్నటి పట్టీ కనిపిస్తుంది. గీతలో అలా కాదు. శ్లోకం ముగించి, ఊపిరి తీసుకుని, ఘంటసాల గారు తాత్పర్యం అందుకుంటారు. కంప్యూటర్ ఆ ఊపిరి దగ్గరే కోసేసింది. రికార్డు అరిగి చిటపటలాడుతుంటే ఇంకో చిక్కు: నిజమైన ఖాళీ కూడా దానికి ఖాళీగా తోచదు.

అందుకే ముందు సైడ్ మొత్తాన్ని ఒకే వేవ్ ఫైలుగా దాచి, దాన్ని ఇక ముట్టుకోకండి. మామూలు సీడీ నాణ్యతలో నిమిషానికి సుమారు 10 ఎంబీ, 40 నిమిషాల ఎల్పీకి 400 ఎంబీ పడుతుంది. కోతలన్నీ నకలు మీదే. ఉచితంగా దొరికే ఆడాసిటీలో వింటూ, విడదీయాల్సిన చోట క్లిక్ చేసి కంట్రోల్–బీ నొక్కితే లేబుల్ పడుతుంది. పేరు తెలుగులోనే రాయండి. చివర్లో లేబుళ్ల ప్రకారం విడి ఫైళ్లుగా ఎగుమతి చేయవచ్చు. సైడ్ ఎంతసేపుంటే అంతసేపూ కూర్చుని వినాలి, మరో దారి లేదు.

నా మాటగా ఒకటి చెబుతాను. శ్లోకాన్నీ తాత్పర్యాన్నీ విడగొట్టకండి. 1974 ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూశాక విడుదలైన రికార్డు అది. ఆయన ఆ రెంటినీ ఒక్క ధారగా వినిపించారు, అలాగే ఉండనివ్వండి. చిటపటలు తీసే ఫిల్టరు కూడా తేలిగ్గానే వాడండి. ఎక్కువైతే శ, ష, స అక్షరాల పదును పోతుంది. మా ఇంటి రికార్డు ఒకదాన్ని అలా పాడుచేసుకున్నాను. మూల ఫైలు దాచి ఉండబట్టి బతికిపోయాను.

ప్రశ్న: మా దగ్గర నాటక పద్యాల 78 ప్లేట్లున్నాయి. స్పిరిట్‌తో తుడవవచ్చా? ఒకే పద్యం రెండు వైపులా ఉంటే కలపాలా?
– ఒక పాఠకుడు, చంపాపేట

జవాబు: స్పిరిట్ వద్దే వద్దు! ఆ ప్లేట్లు లక్కతో చేసినవి. వడ్రంగులు పాలిష్ కోసం లక్కను కరిగించేది స్పిరిట్‌లోనే. డిస్టిల్డ్ వాటర్‌తో కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో, గాడి వెంట గుండ్రంగా తుడిచి వెంటనే ఆరబెట్టండి. ముల్లు కూడా మార్చాలి. ఎల్పీ ముల్లు మొన దాదాపు 18 మైక్రాన్లు, 78కి సుమారు 75 కావాలి. సన్నముల్లు వెడల్పు గాడి అడుక్కి జారి బురబురలే వినిపిస్తుంది. 78 వేగం లేకపోతే 45 మీద రికార్డు చేసి, ఆడాసిటీలో వేగం పెంచుకోవచ్చు.

ఒక వైపుకు సుమారు మూడు నిమిషాలే పట్టేది కనుక రాగం మధ్యలోనే ప్లేటు తిప్పాల్సి వచ్చేది. రెండు వైపులూ విడిగా దాచండి, వినడానికి మాత్రం కలిపిన నకలు చేసుకోండి.

ప్రశ్న: పాత ప్లేయర్‌ను మైక్ సాకెట్‌కు కలిపితే గొంతులన్నీ రేకు డబ్బాలోంచి వస్తున్నాయి.
– ఒక పాఠకుడు, సంతోష్‌నగర్

జవాబు: ఎల్పీ మీద మంద్ర స్వరాలను తగ్గించి, తార స్వరాలను పెంచి గాడి కోస్తారు. దాన్ని తిరిగి సరిచేసేది ఫోనో ప్రీయాంప్. ప్లేయర్‌లో అది లేకపోతే కోఠి గుజరాతీ గల్లీలో అడిగి చూడండి. దాన్నుంచి వైరు లైన్–ఇన్‌కు ఇవ్వాలి, మైక్‌కు కాదు.