పతంగి తిప్పి చూపించు

మెదక్



బిడ్డా,

అంగన్‌వాడీ టీచరుగా చేరి నెల తిరగలేదు, అప్పుడే నీ ఫోను వచ్చింది. "అత్తమ్మా, చార్టు మీద చూపిస్తే నాలుగు ఆకారాల పేర్లూ గడగడ చెప్తున్నరు. అవే ఆకారాలు అట్టతో కత్తిరించి చేతికిస్తే నోరు తెరుస్తలేరు" అన్నవు. ఫోనులో చెప్తే సగం మరిచిపోతవని రాస్తున్న.

ముందు నా తప్పు చెప్తా. కొత్తలో నేనూ చార్టు కొని గోడకు తగిలించిన. అందులో త్రిభుజం ఎప్పుడూ కింద గీత మీద కూర్చునే ఉంటది, చతురస్రం నిటారుగనే ఉంటది. ఒకరోజు చతురస్రపు అట్టముక్కను మూల మీద నిలబెట్టి పట్టుకున్న. "పతంగి!" అని అందరూ ఒక్కసారే అరిచిన్రు. త్రిభుజాన్ని తలకిందులు చేస్తే ఒకడు "బోర్లపడ్డది టీచర్" అన్నడు. అప్పుడు నవ్విన గానీ, ఇంటికొచ్చి ఆలోచిస్తే సిగ్గయింది. రోజూ ఒకే తీరుగ చూపించింది నేనే గదా.

పిల్లల బుద్ధి మొదట అట్లనే పని చేస్తది. హాలెండులో వాన్ హీలే అని భార్యాభర్తలు ఉండేవాళ్లు, ఇద్దరూ లెక్కల టీచర్లే. రేఖాగణితం పిల్లలకు మెట్టుమెట్టుగా ఎట్ల ఒంటబడుతదో 1957లో తమ పరిశోధనల్లో చెప్పిన్రు. మొదటి మెట్టు మీద ఉన్న పిల్ల పక్కలు, మూలలు లెక్కపెట్టదు. మొత్తం రూపు చూసి "ఇది తలుపులెక్క ఉంది" అంటది. దాన్ని తప్పనకు. తలుపులెక్క ఉన్నవి ఇంకో పది చూపించు. సన్నగా పొడుగ్గా ఉన్న త్రిభుజం, పక్కకు ఒరిగినది, గోరంతది, చాపంతది, అన్నీ కలిపి చూపించు.

పేరు చివర రానీ, చెయ్యి ముందు పోనీ. మారియా మాంటిస్సోరి 1907లో రోములో బడి తెరిచి, చెక్క ఆకారాల అంచు వెంట పిల్లల వేళ్లు నడిపించింది. 1939లో మద్రాసుకొచ్చి మన టీచర్లకూ ఆ పద్ధతి నేర్పింది. చెక్కపెట్టె లేదని దిగులుపడకు, పాత అట్టపెట్టె చాలు. కళ్లు మూసుకుని అంచు తడిమి, మూల తగిలినప్పుడల్లా "ఒకటి, రెండు" అనాలె. గుండ్రం ముక్క ఇస్తే వేలు తిరుగుతనే ఉంటది, మూల దొరకదు. అప్పుడు వాళ్ల మొకాలు చూడు!

అంగన్‌వాడీ అంటే గుడ్డు, పప్పన్నం అనుకునే తల్లులు ఇంకా ఉన్నరు. 1975లో అంగన్‌వాడీలను తెచ్చిన ఐసీడీఎస్ పథకం మొదలైనప్పుడే 3 నుంచి 6 ఏండ్ల పిల్లలకు చదువుకు ముందటి చదువు కూడా అందులో ఉంది. ఆ గుడ్డునే పాఠం చెయ్. ఉడికిన గుడ్డును దారంతో అడ్డంగా కోస్తే గుండ్రం వస్తది, నిలువుగా కోస్తే కోల వస్తది. బంతిని చూపించి వృత్తమని మాత్రం చెప్పకు. బంతి ఉబ్బుగా ఉంటది, మనం నేర్పేవి నేల మీద పరుచుకునే ఆకారాలు. సీసా మూతను తడిమట్టిలో ఒత్తి తీస్తే మిగిలే గుర్తు వృత్తం. బెండకాయ కోసి రంగులో ముంచి అద్దితే అయిదు మూలలు పడ్తయి. ఆ పేరు ఇప్పుడే చెప్పాల్సిన పని లేదు, మూలలు లెక్కపెడితే చాలు.

అన్నిటికన్నా నాకు నచ్చిన పాఠం అష్టాచెమ్మ. నేల మీద సుద్దతో అయిదు వరుసలు, వరుసకు అయిదు గళ్లు గియ్. మొత్తం 25 చిన్న చతురస్రాలు, వాటి చుట్టూ ఒక పెద్ద చతురస్రం. నడిమి గడిలో, నాలుగు దిక్కుల గళ్లలో ఇంటూ గుర్తు వేస్తం గదా, ఒక్కో గడిలో నాలుగు త్రిభుజాలు పుడతయి. అవి ఒకటి కూర్చున్నట్టు, ఒకటి బోర్లపడ్డట్టు, రెండు పక్కకు తిరిగి ఉంటయి. మన అవ్వలు గవ్వలు వేసి ఆడిన పటంలో 20 త్రిభుజాలున్నయి! ఒక్కోదాంట్లో ఒక్కో చింతగింజ పెట్టమను. ఇక ఏ పిల్లా "బోర్లపడ్డది" అనదు.

త్రిభుజం కానిదాన్ని కూడా చూపించాలె. ఆయాను తోడు తీసుకుని ఒకరోజు మన పెద్ద చర్చికి తోలుకపో. 1924 క్రిస్మస్ నాడు ప్రారంభమైన గుడి అది. కరువులో పని లేని జనానికి కూలి, తిండి దొరుకుతదని పోస్నెట్ అనే పాదరీ దొర కట్టించిండు. 175 అడుగుల గోపురం చూస్తే పిల్లలు తల వెనక్కి వాలుస్తరు. చూడనిచ్చి, తర్వాత కిటికీలు చూపించు. పైన మొన ఉంది గదా, త్రిభుజమేనా అని అడుగు. పక్కలు వంగినయి కాబట్టి కాదు. ఈ సంగతి వాళ్ల నోటి నుంచే రావాలె, నువ్వు తొందరపడకు.

బతుకమ్మ దినాలల్ల వృత్తం నేర్పాల్సిన పనే లేదు. తాంబాళంలో గునుగు, తంగేడు పేర్చేటప్పుడు ఒక్కో వరుసా ఒక వృత్తమే, పైకి పోయినకొద్దీ చిన్నదైతది. చుట్టూ చేతులు పట్టుకుని నిలబడితే పిల్లలే వృత్తం. ఒకరు లోపలికి జరిగితే అది చెడిపోతదని వాళ్లకే తెలుస్తది.

మాటల దగ్గర జాగ్రత్త. "త్రిభుజం" అంటే నా పిల్ల ఒకతె తన భుజం పట్టుకుంది. తప్పేం లేదు, భుజమంటే ఇక్కడ పక్క అని చెప్పిన. త్రిభుజానికి పక్కలను బట్టి పేరొచ్చింది, చతురస్రానికి మూలలను బట్టి వచ్చింది. మొదట "గుండ్రం, మూడు మూలలది, నాలుగు మూలలది" అననీ, పుస్తకం మాట పక్కనే నువ్వు అంటూ ఉండు. ఇంకొకటి, "చతురస్రం దీర్ఘచతురస్రం కాదు" అని గట్టిగా చెప్పకు. పెద్ద తరగతిలో చతురస్రం కూడా దీర్ఘచతురస్రమేనని చదువుకుంటరు. నువ్వు నేర్పింది మళ్లీ మరిచిపోవాల్సిన పని పెట్టొద్దు.

గీయమని బలవంతం చేయకు. చూసి గుండ్రం గీయాలంటేనే మూడేండ్లు నిండాలె, చతురస్రానికి దాదాపు నాలుగున్నర, త్రిభుజానికి అయిదు. గుర్తుపట్టడం అంతకంటే చాలా ముందే వస్తది. పెన్సిల్ పట్టలేని పిల్లకు ఆకారం తెలియదనుకోకు.

సోమవారం పొద్దున చార్టు తీసి పక్కన పెట్టు. చతురస్రపు అట్టముక్క ఒకటి పట్టుకుని వాళ్ల ముందు నెమ్మదిగా తిప్పు. "ఎటు తిప్పినా అదే గదా టీచర్!" అని ఒక్క పిల్ల అన్ననాడు నాకు ఫోన్ చెయ్.

ఇట్లు,
నీ మేనత్త