తేటపడినా తాగలేని నీరు

నీటిలోని దోషాలలో కొన్ని కంటికి కనిపిస్తాయి, కొన్ని నాలుకకు మాత్రమే తెలుస్తాయి. ఈ రెండింటికీ మందు వేరైనట్లే చట్టంలో దారి కూడా వేరుగా ఉంటుంది. బంకమట్టి రేణువులు ఋణావేశంతో ఒకదానినొకటి నెట్టుకుంటూ అడుగుకు దిగకుండా తేలుతూ ఉండడం వల్ల నీరు కలకబారుతుంది. బిందెలో పటిక ముక్కను తిప్పినప్పుడు దానిలోని అల్యూమినియం లవణం ఆ ఆవేశాన్ని తగ్గించి, రేణువులను ముద్దలుగా చేర్చి కిందికి దించుతుంది; పూర్వం కుండ లోపలి గోడకు చిల్లగింజను అరగదీసి పైన నీరు పోయడంలోని రహస్యం కూడా ఇటువంటిదే. కలకనీటిలో మట్టి చాటున సూక్ష్మజీవులు దాగి ఉంటాయి కనుక ముందు నీటిని తేర్చి, ఆ తరువాతనే క్లోరిన్ కలపాలి. ఇంట్లోని బిందెకైనా, పంచాయతీ రక్షిత నీటి పథకానికైనా క్రమం ఇదే. ఉప్పు సంగతి ఇలా ఉండదు. నీటిలో పూర్తిగా కరిగిపోయిన ఉప్పును పటిక పట్టుకోలేదు, ఇసుక ఫిల్టరు ఆపలేదు, కాచితే అది మరింత చిక్కబడుతుంది. అద్దంలా మెరిసే నీరు కూడా తాగడానికి పనికిరాకపోవచ్చునన్న ఈ విషయం నెల్లూరు తీరంలోని కుటుంబాలకు అనుభవపూర్వకంగా తెలిసినదే గాని, దాని వెనుక ఉన్న హక్కులు అంతగా తెలియవు.

భారత ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన ఐ.ఎస్. 10500 అనే తాగునీటి ప్రమాణం ఈ రెండు దోషాలనూ అంకెలలో పెట్టింది. కలకదనాన్ని ఎన్.టి.యు. అనే కొలమానంతో, అంటే నీటిలోకి పంపిన వెలుగు రేణువులకు తగిలి ఎంతగా చెదురుతుందో చూసి లెక్కిస్తారు. అది 1కి మించకూడదు, వేరే నీటి వనరు లేనప్పుడు 5 వరకు అనుమతిస్తారు. కరిగిన ఘనపదార్థాలు లీటరుకు 500 మిల్లీగ్రాములలోపు, గత్యంతరం లేనప్పుడు 2000 వరకు ఉండవచ్చు. క్లోరైడుకు ఈ హద్దులు 250, 1000. ఫిర్యాదులో “నీళ్లు బాగాలేవు” అని రాయడానికీ, ఈ అంకెల పక్కన తమ ఊరి నీటి అంకెలను పెట్టి చూపడానికీ మధ్య న్యాయపరంగా చాలా దూరం ఉంది.

ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, విడవలూరు, అల్లూరు మండలాల ఇసుకనేలల్లో దొరువులనే లోతు తక్కువ గుంటల నుండి మంచినీరు తీసుకునే అలవాటు పాతది. వాన నీరు ఇసుకలోకి ఇంకి, సముద్రపు ఉప్పునీటికన్నా తేలిక కావడం వల్ల దానిపైన ఒక పలుచని పొరగా నిలుస్తుంది. సముద్రమట్టానికి పైన మంచినీరు ఒక మీటరు ఎత్తున ఉంటే కింద సుమారు 40 మీటర్ల లోతు దాకా అది ఉప్పునీటిని అణచి ఉంచగలదని భూజల శాస్త్రంలోని ప్రసిద్ధ సూత్రం చెబుతుంది. పైపొర కొద్దిగా తగ్గినా కింది నష్టం ఎన్నో రెట్లు ఉంటుందన్నది ఇదే సూత్రానికి రెండో ముఖం. దొరువు పక్కనే రొయ్యల గుంట తవ్వి, ఉప్పుటేటి నీటిని నెలల తరబడి నిలిపితే ఉప్పు పైనుండి ఇంకుతుంది, గుంటలో ఉప్పదనం సరిచేయడానికి బోర్లతో మంచినీటిని తోడితే కిందనుండి ఎగబాకుతుంది, పంట తీసిన తరువాత వదిలే కలకనీరు కాలువలను చెరుపుతుంది. మొదటి రెండింటిని ఇంటిలో ఎవరూ తేర్చలేరు కాబట్టి, నీరు చెడకముందే ఆపడమే చట్టం చేయగలిగిన మేలు.

రాజ్యాంగంలోని 21వ అధికరణం జీవించే హక్కును మాత్రమే పేర్కొంటుంది, నీటి మాట అందులో ఉండదు. అయితే కాలుష్యం లేని నీరు పొందడం ఆ హక్కులో భాగమని 1991లో సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. హైదరాబాదుకు నీరిచ్చే హిమాయత్ సాగర్, ఉస్మాన్ సాగర్ జలాశయాల రక్షణపై ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలికీ ఆచార్య ఎం.వి. నాయుడుకూ మధ్య నడిచిన వ్యాజ్యంలో తాగునీరు అందడం జీవించే హక్కుకు మూలాధారమని 2000 డిసెంబరులో మరింత స్పష్టపరిచింది.

నెల్లూరు తీరానికి నేరుగా సంబంధించిన తీర్పు మాత్రం 1996 డిసెంబరు 11న వెలువడిన ఎస్. జగన్నాథ్ కేసు. తమిళనాడులోని గ్రామ స్వరాజ్య ఉద్యమానికి నాయకుడైన జగన్నాథ్ 1994లో సుప్రీంకోర్టును ఆశ్రయించగా, న్యాయమూర్తులు కుల్దీప్ సింగ్, ఎస్. సగీర్ అహ్మద్‌లు దేశంలోని తీరరాష్ట్రాలన్నింటిలో రొయ్యల సాగును పరిశీలించారు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ నివేదికతో పాటు, ఉప్పునీటి జలసాగు పరిశోధనకు ఏర్పడిన కేంద్ర సంస్థ సారథి డాక్టర్ అళగర్‌స్వామి రాసిన నివేదికనూ న్యాయస్థానం ముందుంచుకున్నది. నెల్లూరు జిల్లా కుర్రు గ్రామంలో చుట్టూ వెలసిన రొయ్యల గుంటల వల్ల 600 మంది మత్స్యకారులకు తాగునీరు లేకుండా పోయిన సంగతి ఆ తీర్పులోకి ఎక్కింది. సముద్రంమీద బతికే ఒక చిన్న పల్లె కడవల కష్టం దేశపు అత్యున్నత న్యాయస్థానపు రికార్డులో నిలవడం తక్కువ విషయం కాదు.

ఆ తీర్పు చెప్పిన సూత్రాలలో రెండింటిని పౌరులు గుర్తుంచుకోవాలి. కాలుష్యం చేసినవారే నష్టాన్ని భరించి నేలను, నీటిని తిరిగి బాగుచేయాలన్నది మొదటిది. దానికయ్యే సొమ్మును భూమిశిస్తు బకాయిలాగా రాబట్టవచ్చునని కూడా న్యాయస్థానం ఆదేశించింది. హాని జరుగుతుందన్న శాస్త్రీయ నిశ్చయం పూర్తిగా కుదిరేదాకా ఆగకుండా ముందే జాగ్రత్తపడాలన్నది రెండోది. దీని ప్రకారం తన పని వల్ల హాని లేదని చూపే భారం ఆ పని చేసేవారిమీద పడుతుంది. సాగుభూములను, ఉప్పు కొటార్లను, మడ అడవులను, ఊరి ఉమ్మడి భూములను రొయ్యల గుంటలుగా మార్చరాదనీ, పులికాట్ సరస్సుకు, నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రంతో సహా, 1000 మీటర్లలోపు సంప్రదాయేతర సాగు ఉండరాదనీ తీర్పు నిషేధించింది. (2022లో జిల్లాల విభజన జరిగినప్పుడు పులికాట్, నేలపట్టు ప్రాంతం తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గనుక అక్కడి ఫిర్యాదులు ఆ జిల్లా కలెక్టరుకు చేరాలి.) తీరనియంత్రణ మండలంలోని గుంటలను 1997 మార్చి 31లోగా తొలగించాలన్న ఆదేశం మాత్రం పునస్సమీక్ష పిటిషన్ల వల్ల నిలిచిపోయింది, అటు తరువాత పార్లమెంటు 2005లో తీరప్రాంత జలసాగు ప్రాధికార సంస్థ చట్టాన్ని తెచ్చి ఈ సాగును నమోదు పద్ధతిలోకి మార్చింది. తీర్పులోని కఠినత్వం చట్టంలో కొంత సడలిందన్నది దాచవలసిన నిజం కాదు. అయినా మిగిలిన నియమాలను వాడుకొంటే అవి బలమైనవే.

సముద్రం, నది, ఉప్పుటేరు, వెనుకజలాల పోటుగట్టు నుండి, అంటే ఆటుపోట్లలో నీరు చేరే అత్యధిక హద్దు నుండి, 2 కిలోమీటర్లలోపు ఉప్పునీటి సాగు చేసే ప్రతివారూ చెన్నైలో ప్రధాన కార్యాలయం ఉన్న ఆ సంస్థ వద్ద నమోదు చేయించుకోవాలి. 2005లో వచ్చిన రూపంలో చట్టం పోటుగట్టుకు 200 మీటర్లలోపు కొత్తగా రొయ్యల గుంటలను అనుమతించలేదు. చట్టం కింద వెలువడిన మార్గదర్శకాలు తాగునీటి వనరుకు కనీసం 100 మీటర్లు, 500 మందికి లోపు జనాభా ఉన్న పల్లెకు 100 మీటర్లు, అంతకు మించిన ఊరికి 300 మీటర్ల దూరం పాటించాలని చెబుతాయి. 5 హెక్టార్లు, ఆపైన నీటివిస్తీర్ణం ఉన్న క్షేత్రాలకు వదిలేనీటిని శుద్ధిచేసే ఏర్పాటు తప్పనిసరి అంటాయి. 2023 సవరణ జైలుశిక్షను తీసివేసి జరిమానాలతో సరిపెట్టింది, కాని నమోదు విధిని తొలగించలేదు. మంచినీటి సాగుకు, ఈ హద్దులకు వెలుపలి గుంటలకు రాష్ట్రం 2020లో చేసిన ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టం వర్తిస్తుంది. ఏ చట్టమూ రొయ్యల రైతు బతుకుతెరువును కాదనడం లేదు. ఎకరం, రెండెకరాల రైతు కూడా పైగుంట వదిలిన నీటితో తెగులు సోకి నష్టపోతున్నాడు కనుక, దూరాల నియమం అతనికీ రక్షణే.

తన సొంత బావి చెడిపోయిన వ్యక్తికి ఇంతకన్నా పాత హక్కు ఒకటి ఉంది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం, అంటే ఒకరి భూమి అనుభవానికి పొరుగు భూమిపై ఉండే హక్కులను చెప్పే చట్టం, 7వ సెక్షనులోని ఉదాహరణలలో తన నేలలోకి సహజంగా ఇంకి వచ్చే నీటిని దారిలో ఇతరులు అన్యాయంగా కలుషితం చేయకుండా ఉండే హక్కు ప్రతి భూయజమానికీ ఉందని పేర్కొన్నది. ఈ ఆధారంతో సివిల్ కోర్టులో నిషేధాజ్ఞను, నష్టపరిహారాన్ని కోరవచ్చు. ఇలాంటి దావాలలో ఎదుటి పక్షం కార్వేటినగరం జమీందారు కేసును ముందుకు తెచ్చే అవకాశం ఉన్నందున దాని సంగతి తెలిసి ఉండడం మంచిది. భారీ వర్షానికి జమీందారీ చెరువులు తెగి మద్రాసు రైల్వే వంతెనలు దెబ్బతిన్నప్పుడు, నీటిని పోగుచేసినవాడు అది తప్పించుకుపోతే బాధ్యుడేనన్న ఆంగ్ల సూత్రం వర్తించదని 1874లో ప్రివీ కౌన్సిల్ తీర్పునిచ్చింది. అందుకు కారణం, ఆ చెరువులు తరతరాలుగా ప్రజల సాగుకోసం ఉన్నాయి, వాటిని నిలబెట్టడం జమీందారుకు హక్కు మాత్రమే కాదు, బాధ్యత కూడా. లాభంకోసం ఒకరు తవ్వుకున్న ఉప్పునీటి గుంటకు ఆ మినహాయింపు ఏ విధంగానూ అతకదు.

ఊరందరి నీరు చెడినప్పుడు ప్రతి ఒక్కరూ దావా వేయనక్కరలేదు. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షను కింద, ప్రజల ఆరోగ్యానికి హానిచేసే వృత్తిని, వ్యాపారాన్ని ఆపమని గాని, పద్ధతి మార్చుకోమని గాని సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, అంటే నెల్లూరు, కావలి వంటి చోట్ల ఉండే ఆర్డీవో, షరతుతో కూడిన ఉత్తర్వు ఇవ్వవచ్చు. 158వ సెక్షను కింద స్థానిక విచారణ జరిపించి నిపుణుని విచారించవచ్చు, 161వ సెక్షను కింద విచారణ ముగిసేలోపు ప్రమాదాన్ని నిలిపే తాత్కాలిక ఆజ్ఞ జారీచేయవచ్చు. పాత నేర విచారణ ప్రక్రియా స్మృతిలో 133వ సెక్షనుగా ఉన్న ఈ అధికారాన్నే 1980లో రత్లాం పురపాలక సంఘం కేసులో న్యాయమూర్తి వి.ఆర్. కృష్ణయ్యర్ వ్యాఖ్యానిస్తూ, నిధులు లేవన్న సాకుతో స్థానిక సంస్థ తన విధిని తప్పించుకోలేదని తేల్చారు. కుళాయిలో కలకనీరు వస్తున్నప్పుడు పంచాయతీ ఇచ్చే జవాబు చాలాసార్లు అదే సాకు కనుక, ఆ తీర్పు పేరు అర్జీలో రాయడం ఉపయోగకరం. ప్రజలకు నీటి సరఫరా అన్నది న్యాయసేవల చట్టంలో ప్రజోపయోగ సేవగా లెక్కకు వస్తుంది గనుక, కుళాయి నీటి వివాదాన్ని శాశ్వత లోక్ అదాలత్ ముందుకు తీసుకుపోయే మార్గం కూడా ఉంది.

నష్టపరిహారం, నీటి వనరు పునరుద్ధరణ కోరేవారు చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ పీఠానికి నీటి చట్టం (నీటి కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం), పర్యావరణ పరిరక్షణ చట్టం ఉల్లంఘనల ఆధారంగా దరఖాస్తు చేయవచ్చు. అక్కడ గడువులు కచ్చితమైనవి: పర్యావరణ వివాద పరిష్కారానికి కారణం తలెత్తిన నాటి నుండి 6 నెలలు, పరిహారానికి 5 సంవత్సరాలు, తగిన కారణం చూపితే మరో 60 రోజులు. పరిహారం కోరని దరఖాస్తుకు రుసుము 1000 రూపాయలు.

వీటన్నింటికీ ముందు జరగవలసిన పని కాగితాలు సేకరించడం. ఫలానా సర్వే నంబరులోని గుంటకు నమోదు ఉన్నదా, దాని అనుమతి పటంలో తాగునీటి వనరు ఎంత దూరంలో చూపారు, తనిఖీ ఎప్పుడు జరిగింది అని సమాచార హక్కు చట్టం కింద మత్స్యశాఖను అడగవచ్చు. రాష్ట్ర నియమాల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. నీటి నమూనాను గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలలో పరీక్షింపజేసి తేదీతో నివేదిక తీసుకోవాలి, అదే బావిని వేసవిలోనూ వానల తరువాతనూ పరీక్షిస్తే ఉప్పు పెరుగుతున్న తీరు కాగితంమీదికి ఎక్కుతుంది. గుంట వదిలేనీటి విషయంలో సొంతంగా సీసాలో పట్టిన నమూనా సరిపోదు. నీటి చట్టం 21వ సెక్షను చెప్పినట్లు కాలుష్య నియంత్రణ మండలి అధికారి యజమానికి నోటీసు ఇచ్చి, నమూనాను రెండుగా పంచి ముద్ర వేసి తీసినప్పుడే అది న్యాయ విచారణలో సాక్ష్యంగా నిలుస్తుంది, కనుక నీరు వదిలే రోజునే రమ్మని మండలిని రాతపూర్వకంగా కోరాలి.

మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఇతరులకు ఆదాయ పరిమితికి లోబడి, 1987 నాటి న్యాయసేవల చట్టం ఉచిత న్యాయవాదిని సమకూరుస్తుంది. నెల్లూరు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెల్లకాగితం మీద రాసినా, 15100 నంబరుకు ఫోను చేసినా సరిపోతుంది. నీళ్ల బిందె మోసేది ఎక్కువగా స్త్రీలే గనుక అర్జీ వారి పేరున పెట్టడం సహజమూ న్యాయమూ అవుతుంది. ఆ అర్జీలో గుంట తొలగింపును, పరిహారాన్ని కోరడంతో ఆగకుండా, తుది ఉత్తర్వు వచ్చేదాకా ఊరికి ట్యాంకరుతో మంచినీరు అందించాలన్న మధ్యంతర కోరికను విడిగా, మొదటి పేజీలోనే రాయాలి.