బొమ్మ పుట్టిన తేదీ

చి. మైథిలికి,

కాథార్ల మీద జరిగిన యుద్ధపు చిత్రాల గురించి వ్యాసం రాయాలట, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదన్నావు. బొమ్మలో కత్తులు లెక్కపెట్టే ముందు అది ఎప్పుడు, ఎవరి కోసం గీశారో కనుక్కో.

కథ నీకు తెలిసిందే. దక్షిణ ఫ్రాన్స్‌లోని కాథార్లు మతభ్రష్టులని పోప్ మూడవ ఇన్నోసెంట్ వాళ్ళ మీద క్రూసేడ్‌కి పిలుపిచ్చాడు. 1209 జూలైలో బెజియేలో ఊచకోత, ఆగస్టులో కార్కసోన్ లొంగిపోవడం. పోరు 1229 దాకా నడిచింది.

కార్కసోన్ జనాన్ని ఊళ్ళోంచి వెళ్ళగొడుతున్న బొమ్మ బ్రిటిష్ లైబ్రరీ వ్రాతప్రతిలో ఉంది. మెరిసే రంగులు. ఆడా మగా ఒంటిమీద నూలుపోగు లేకుండా కోట బయటికొస్తుంటారు. అది ఫ్రెంచి రాజుల చరిత్రగ్రంథం కోసం 1415 ప్రాంతంలో, అంటే రెండు వందల ఏళ్ళ తర్వాత, వేసింది. ఆ ఊళ్ళో కాథలిక్కులూ ఉన్నారు. ఎవరు ఏ మతమో మొహం చూసి చెప్పేదెలా? బట్టలు ఊడదీస్తే ఆ చిక్కే లేదు, అందరూ ఓడినవాళ్ళే. చిత్రకారుడికి అదే కలిసొచ్చిందని నా అనుమానం.

ఇంకా తెగించినవాడు పెద్రో బెర్రుగెతె. స్పెయిన్‌లో, 1490లలో, అవిలాలోని సంతో తోమాస్ మఠానికి వేసిన చిత్రం. ఇప్పుడు ప్రాదో మ్యూజియంలో ఉంది. పైన పందిరి కింద, కాథార్లకు బోధించిన సెయింట్ డొమినిక్ న్యాయాధిపతిలా కూర్చున్నాడు. కింద గుంజలకు కట్టిన ఇద్దరు నగ్న మనుషులు. శిక్ష పడ్డ మరికొందరికి తప్పు రాసిన అంగీలు, పొడుగాటి టోపీలు. ఆ వేషం స్పెయిన్ ఇన్‌క్విజిషన్, అంటే మతవిచారణ సంస్థది. డొమినిక్ 1221లోనే పోయాడు. పోపుల మతవిచారణ మొదలైంది 1230లలో. మరి ఆయన్ని ఆ పీఠం మీద కూర్చోబెట్టిందెవరు? ఆ మఠంతో ఇన్‌క్విజిషన్ అధిపతి తోర్కెమాదాకి దగ్గరి సంబంధం. ఆయన్ని పాతిపెట్టిందీ అక్కడే. తమ కాలపు మంటకి పాత సాధువు చేత ముద్ర వేయించుకున్నారన్నమాట. పనితనం మాత్రం అద్భుతం, ఆ మాట రాయడానికి జంకకు.

నన్నడిగితే వ్యాసం మరో చోట మొదలుపెట్టు. పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఈ యుద్ధం మీది పద్యకావ్యం ప్రతి ఉంది, 1275 ప్రాంతానిది. రాసింది ఇద్దరు: మొదటి కవి క్రూసేడర్ల పక్షం, పేరు తెలియని రెండో కవి తులూజ్ పక్షం. 1218లో క్రూసేడర్ల నాయకుడు సైమన్ ద మాంఫర్‌ను చంపిన రాయిని ఆడవాళ్ళు నడిపిన యంత్రం విసిరిందని చెప్పింది ఈ రెండో కవే. ఆ ప్రతిలో కలంతో గీసిన పదమూడు బొమ్మలున్నాయి, రంగులు వేయకుండానే ఆగిపోయాయి. సంఘటనలకు దగ్గరివి అవే. ఒక్కోదానికీ పక్కన ఏ కవి పద్యం ఉందో చూసి పట్టిక రాసి పంపు, మిగతాది ఫోన్లో మాట్లాడుకుందాం.

తాతయ్య