క్యాన్సరు ఎవరి పాపం?

పుట్టుగ్రుడ్డివాణ్ణి చూచిన శిష్యులకు ఒక సందేహం కలిగింది. ఈ అంధత్వానికి కారణం ఇతని పాపమా, కన్నవారి పాపమా అని వారు యేసు ప్రభువును అడిగారు. ప్రభువు ఆ రెంటినీ త్రోసిపుచ్చారు (యోహాను సువార్త, 9వ అధ్యాయం). అయినా ఆ ప్రశ్న మన ఇండ్లలో ఇంకా సమసిపోలేదు. ఒక ఇంట్లో క్యాన్సరు అని తెలియగానే "ఏ పాపం చేశారో" అని ఇరుగుపొరుగు అంటారు. "ఆ ఇంటి పిల్లను చేసుకుంటే మన ఇంటికీ వస్తుందేమో" అని సంబంధాలవారు వెనుకాడతారు. "మందులు మానేయండి, విశ్వాసం ఉంటే చాలు" అని చెప్పేవారు కూడా ఉన్నారు. ఈ మాటలకు జడిసి జబ్బును దాచుకొని, ముదిరిన తరువాత ఆసుపత్రి గడప ఎక్కేవారు ఎందరో. అందుచేత ఈ వ్యాధి శరీరంలో ఎలా పుడుతుందో, దానికి మందులు ఎలా వెదకుతున్నారో ఈ వారం తెలుసుకొందాం.

జన్యువు అంటే ఏమిటి?

ఈ శాస్త్రానికి పునాది వేసినవారు ఒక కతోలిక గురువు. అగస్టీనియన్ సభకు చెందిన గ్రెగర్ మెండెల్ బ్రనో పట్టణంలోని తమ మఠం తోటలో బఠాణీ మొక్కలు పెంచి, గుణాలు తల్లిదండ్రుల నుండి సంతానానికి ఏ లెక్క ప్రకారం సంక్రమిస్తాయో 1865లో వివరించారు. ఆయన జీవించి ఉండగా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1884లో ఆయన మరణించారు, 1900లో లోకం ఆయన విలువ గుర్తించింది.

మన శరీరంలోని కణంలో 46 క్రోమోజోములు, అంటే 23 జతలు ఉంటాయి. వాటిలో సుమారు 20,000 జన్యువులు ఉన్నాయి. ఒక్కొక్క జన్యువు కణానికి ఒక ఆజ్ఞ వంటిది. ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు చనిపోవాలి అన్నది ఈ ఆజ్ఞలను బట్టే జరుగుతుంది.

కణం దారి ఎలా తప్పుతుంది?

ఎద్దుబండిని తలచుకోండి. ఎద్దును ముందుకు తోలడానికి ముల్లుగర్ర, నిలపడానికి పగ్గం, బండి విరిగితే బాగుచేయడానికి వడ్రంగి కావాలి. కణంలోనూ ఈ మూడు రకాల జన్యువులున్నాయి. పెరగమని తోలే జన్యువు చెడి, ఆగకుండా పొడుస్తూనే ఉండవచ్చు. ఆపవలసిన జన్యువు తెగిన పగ్గంలా పనికిరాకుండా పోవచ్చు. దెబ్బతిన్న డి.ఎన్.ఎ.ను బాగుచేసే జన్యువే పాడైపోవచ్చు. ఇటువంటి మార్పులు ఒకే కణంలో ఒకదాని తరువాత ఒకటి పోగుపడినప్పుడు ఆ కణం అదుపు తప్పి, లెక్కలేకుండా విభజన చెందుతుంది. అదే క్యాన్సరు. ఈ మార్పులు పోగుపడడానికి సాధారణంగా ఏండ్లు పడుతుంది గనుక వయసు మళ్ళినవారిలో ఈ వ్యాధి ఎక్కువ.

కోళ్ళలో కణితి కలిగించే ఒక వైరసును పరిశోధిస్తూ బిషప్, వార్మస్ అనే శాస్త్రజ్ఞులు 1976లో ఒక వింత బయటపెట్టారు. కణితి పుట్టించే ఆ జన్యువు వైరసు సొంతం కాదు. అది ఆరోగ్యంగా ఉన్న కణంలోని మామూలు జన్యువు నుండి వచ్చినదే. 1989లో వారికి నోబెల్ బహుమతి లభించింది. అంటే క్యాన్సరు మనలోని మేలైన వ్యవస్థే గతి తప్పడం.

ఇది వంశపారంపర్యమా?

చాలావరకు కాదు. జన్యువులో మార్పు రావడం వేరు, ఆ మార్పు తల్లిదండ్రుల నుండి రావడం వేరు. ఎక్కువ క్యాన్సర్లలో ఈ మార్పులు బ్రతికి ఉన్న కాలంలో ఏదో ఒక అవయవంలో కలుగుతాయి. అవి బిడ్డలకు పోవు. పొగాకులోని విషపదార్థాలు డి.ఎన్.ఎ.కు అంటుకొని దాన్ని చెడగొడతాయి. ఉత్తరాంధ్ర తీరగ్రామాలలో చుట్టను నిప్పు నోటిలోపల ఉండేలా త్రాగే "అడ్డపొగ" అలవాటు వల్ల స్త్రీలకు అంగిలి క్యాన్సరు రావడం వైద్యులకు తెలిసిన విషయమే.

నూటికి అయిదు నుండి పది క్యాన్సర్లు మాత్రమే పుట్టుకతో వచ్చిన జన్యులోపం వల్ల కలుగుతాయి. పిల్లల కంటిలో వచ్చే ఒక క్యాన్సరును పరిశీలించి నడ్సన్ అనే వైద్యుడు 1971లో కారణం వివరించాడు. ప్రతి జన్యువుకు రెండు ప్రతులు ఉంటాయి. రెండు పగ్గాలూ తెగితేనే బండి అదుపు తప్పుతుంది. కొందరు ఒక పగ్గం తెగిన స్థితిలోనే పుడతారు గనుక వారికి ప్రమాదం ఎక్కువ. రొమ్ము, అండాశయ క్యాన్సర్లకు సంబంధించిన బి.ఆర్.సి.ఎ. జన్యువులు ఇటువంటివే. ఆ లోపం తల్లి నుండే కాదు, తండ్రి నుండి కూడా రావచ్చు. బిడ్డకు సంక్రమించే అవకాశం సగం. సంక్రమించినా వ్యాధి వచ్చి తీరుతుందని కాదు, ముందుగా పరీక్షలు చేయించుకొంటూ ఉండాలని అర్థం. ఆ కుటుంబాన్ని వెలివేయడానికి ఇందులో ఏ ఆధారమూ లేదు.

మందుల వెదకులాట

ఈ వెదకులాటలో మన తెలుగువాని చేయి కూడా ఉంది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థలో ఫోలిక్ ఆమ్లంపై పరిశోధన నడిపించారు. కణం విభజన చెందాలంటే ఈ విటమిను కావాలి. దాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డుకొనే మందును ఆయన బృందం తయారుచేసింది. ఆ మందుతో రక్త క్యాన్సరు సోకిన పిల్లలలో కొందరికి తాత్కాలికంగా ఉపశమనం కలిగిందని 1948లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ప్రకటించాడు. సుబ్బారావుగారు ఆ ఏడాదే కన్నుమూశారు. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

అయితే ఇటువంటి మందులు త్వరగా పెరిగే మంచి కణాలనూ దెబ్బతీస్తాయి. జుట్టు రాలడం, నోరు పూయడం అందువల్లనే. చెడిన జన్యువు చేసే పనిని మాత్రమే ఆపలేమా? ఒక రకం రక్త క్యాన్సరు రోగులలో వింతగా పొట్టిదైన క్రోమోజోమును 1960లో ఫిలడెల్ఫియాలో కనుగొన్నారు. 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు తారుమారైనందువల్ల అది ఏర్పడుతుందని 1973లో జానెట్ రౌలీ చూపారు. ఆ అతుకు వద్ద పుట్టే చెడ్డ ప్రోటీనును అణచే ఇమాటినిబ్ అనే మాత్రకు 2001లో అమెరికాలో అనుమతి లభించింది. కొద్ది ఏండ్లలో ప్రాణం తీసే ఆ వ్యాధితో ఇప్పుడు చాలామంది మాత్ర క్రమంగా వేసుకొంటూ పనిపాటలు చేసుకొంటున్నారు. కొందరిలో క్యాన్సరు కణం మళ్ళీ మారి మందుకు లొంగదు. అందుకే వెదకులాట ఆగలేదు. రోగి సొంత తెల్లరక్తకణాలకు కొత్త జన్యువును చేర్చి క్యాన్సరుపైకి పంపే చికిత్సను బొంబాయి ఐ.ఐ.టి., టాటా మెమోరియల్ ఆసుపత్రి కలిసి రూపొందించగా, 2023లో మన దేశంలో అనుమతి వచ్చింది.

శ్రీసభ దృష్టి

రోగి శరీర కణాలలోని జన్యులోపాన్ని సరిదిద్దే చికిత్సను సూత్రరీత్యా శ్రీసభ తప్పుపట్టదు. రాబోయే తరాలకు సంక్రమించేలా జన్యువులను మార్చడం మాత్రం నేటి స్థితిలో తగదని 2008లో వెలువడిన "దిగ్నితాస్ పెర్సోనే" పత్రం స్పష్టం చేసింది. మందు పేదవానికి అందడం కూడా నీతికి సంబంధించిన విషయమే. ఇమాటినిబ్ కొత్త రూపంపై పేటెంటు కోరిన కంపెనీ అభ్యర్థనను మన సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న తిరస్కరించింది. అందువల్ల చౌకరకం మాత్రల తయారీ కొనసాగింది. సృష్టిలోని మేలులు అందరికోసం అన్న శ్రీసభ బోధను ఇక్కడ గుర్తుచేసుకోవాలి.

వైద్యుణ్ణి గౌరవించాలని, మందులను ప్రభువే నేలనుండి మొలిపించాడని సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం బోధిస్తుంది. కనుక ప్రార్థనను, వైద్యాన్ని ఒకదానికొకటి పోటీగా పెట్టకండి. క్యాన్సరు రోగుల పాలకుడైన పునీత పెరిగ్రిన్ గారి కాలు తీసివేయాలని వైద్యుడు నిర్ణయించగా, ముందు రాత్రి ఆయన సిలువ ఎదుట ప్రార్థించి స్వస్థత పొందారని సంప్రదాయం. ఆ కథలో సిలువకూ చోటుంది, వైద్యునికీ చోటుంది. మానని పుండు, తగ్గని గడ్డ, అకారణంగా రక్తస్రావం కనిపిస్తే ఆలస్యం చేయక పరీక్ష చేయించుకోండి. వ్యాధిగ్రస్తుల అభ్యంగనానికి కడపటి ఘడియ వరకు ఆగక, ముందే మీ విచారణ గురువులను పిలవండి. ఆ ఇంటికి వెళ్ళినప్పుడు "ఎవరి పాపం" అని అడగకండి. ఆసుపత్రికి తోడు ఎవరు వస్తున్నారో అడగండి.

చర్చించుకొనుటకు:
1. మన విచారణలో జబ్బును దాచుకొనే పరిస్థితి ఎందుకు వస్తున్నది?
2. జన్యువులో మార్పుకు, వంశపారంపర్యానికి తేడా ఏమిటి?
3. చికిత్స పొందుతున్న ఒక కుటుంబానికి ఈ నెలలో మనం చేయగల సహాయం ఏది?