బ్యాటరీ తప్పా, డైనమో తప్పా?

మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారంలో 1961 నుంచి 1996 వరకు జావా, యెజ్డీ మోటారుసైకిళ్లు తయారయ్యాయి. ఆనాటి జావాలు కొన్ని నేటికీ రోడ్లమీద కనిపిస్తాయి. డైనమో, 6 వోల్టుల బ్యాటరీ ఉన్న ఆ పాత బండిలో స్పార్కు ప్లగ్గుకు విద్యుత్తు బ్యాటరీ నుంచే అందుతుంది. కాబట్టి బ్యాటరీ నీరసిస్తే దీపమే కాదు, ఇంజనూ ఆగిపోతుంది. రాత్రివేళ ఊరికి దూరంగా ఉన్నవాడి గతి ఏమిటి?

చాలామంది వెంటనే కొత్త బ్యాటరీ కొంటారు. కొద్దిరోజులకే అదీ చచ్చిపోతుంది. కాలువ పూడిపోయి ఉంటే చెరువును లోతు చేసి ఏం లాభం? బ్యాటరీ చెరువు వంటిది. దాన్ని నింపేది డైనమో. తప్పు ఎక్కడుందో ముందు కొలిచి తెలుసుకోవాలి.

ఈ పరీక్షలు పెద్దవారి సమక్షంలో, ఆరుబయట చేయాలి. బ్యాటరీలో సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటుంది. చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. దగ్గర నిప్పు ఉండరాదు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగలు ఊడదీయకూడదు.

మొదటి పరీక్ష: ఇంజను ఆపి, బ్యాటరీకి వోల్టుమీటరు కలపండి. మూడు ఘటాలు, ఒక్కొక్కటి సుమారు 2.1 వోల్టులు, నిండు బ్యాటరీ దాదాపు 6.3 వోల్టులు చూపాలి. అలాగే ఆమ్లమట్టం తగ్గిందా, కొనలకు చిలుము పట్టిందా చూడండి.

రెండవ పరీక్ష: తాళం తిప్పితే చిన్న ఎర్రదీపం వెలగాలి. ఇంజను వేగం అందుకోగానే అది ఆరిపోవాలి. ఎందుకు? ఆ దీపం ఒక కొన బ్యాటరీకి, రెండవ కొన డైనమోకు కలిపి ఉంటుంది. డైనమో తిరగనప్పుడు రెండింటి మధ్య పొటెన్షియల్ భేదం ఉంది, కనుక విద్యుత్తు ప్రవహిస్తుంది. డైనమో వోల్టేజి బ్యాటరీతో సమానమైతే భేదం లేదు, ప్రవాహమూ లేదు. చూశారా! మీ పాఠంలోని సూత్రమే ఆ దీపంలో ఉంది. తాళం తిప్పినా వెలగకపోతే బల్బు పోయి ఉండవచ్చు, లేదా తీగ గాని డైనమో బ్రష్ గాని తాకడం లేదు. వేగం పెంచినా ఆరకపోతే డైనమో పనిచేయడం లేదని అనుమానించాలి.

మూడవ పరీక్ష: ఇంజనును మధ్యస్థ వేగంతో నడిపి బ్యాటరీ వోల్టేజి మళ్లీ కొలవండి. సుమారు 7 వోల్టులకు పెరిగితే డైనమో మంచిదే. తప్పు బ్యాటరీలో వెతకాలి. 8 వోల్టులకు చేరితే రెగ్యులేటరు అదుపు తప్పింది. బ్యాటరీలో నీరు త్వరగా ఇంకిపోతుంది. ఏమాత్రం పెరగకపోతే డైనమో కొన వద్ద కొలవండి. అక్కడ 7 ఉండి బ్యాటరీ వద్ద లేకపోతే దారిలో తీగ తెగి ఉండవచ్చు, లేదా కటౌట్ ముల్లులు కాలి ఉండవచ్చు.

కటౌట్ ఒకవైపే తెరుచుకునే తలుపు వంటిది. డైనమో వోల్టేజి ఎక్కువైనప్పుడు మూసుకొని దారి కలుపుతుంది, తగ్గగానే తెగదీస్తుంది. ముల్లులు అతుక్కుపోతే ఇంజను ఆగాక బ్యాటరీ విద్యుత్తు డైనమోలోకే తిరిగి పారి వృథా అవుతుంది. ఈనాటి బళ్లలో ఈ పని డయోడులు చేస్తాయి.

డైనమో కొన వద్దే వోల్టేజి లేకపోతే కార్బన్ బ్రష్‌లు అరిగాయా, కమ్యుటేటరుకు మసి పట్టిందా చూడాలి. అవి బాగున్నా ఒక్కొక్కప్పుడు డైనమో పలకదు. దాని ఇనుములో మిగిలి ఉండే కొద్దిపాటి అయస్కాంతత్వమే మొదటి విద్యుత్తును పుట్టిస్తుంది. అది నశిస్తే ఎంత తిప్పినా ఫలితం ఉండదు. మెకానిక్ బ్యాటరీ నుంచి క్షేత్రపు చుట్టలోకి క్షణకాలం విద్యుత్తు పంపి దాన్ని తిరిగి కల్పిస్తాడు.

ఇలా ఒక్కొక్క భాగాన్ని కొలుస్తూ వెళితే మంచి బ్యాటరీని పారవేసే అవసరం రాదు.

ఆలోచించండి: 6 వోల్టుల బండిలో 24 వాట్ల దీపం ఎన్ని ఆంపియర్లు తీసుకుంటుంది? నెమ్మదిగా పోతున్నప్పుడు డైనమో 3 ఆంపియర్లే ఇస్తే మిగిలినది ఎక్కడి నుంచి వస్తుంది?